రాబిన్ హుడ్ సినిమాల్లో మీకు ఏది ఇష్టం? నా ఓటు 1938 దానికే

జడ్చర్ల_జంక్షన్:

అందరికీ నమస్తే. ఎండాకాలం సెలవుల్లో మా వాడకట్టు పిల్లలకు రాత్రిపూట డాబా మీద సినిమాలు వేస్తుంటాం. ప్రొజెక్టర్ మా తమ్ముడిది, పరదా అంటే తెల్ల దుప్పటి, గాలి వీస్తే హీరోకు పొట్ట వస్తుంది, అంతకుమించి ఇబ్బందేమీ లేదు. ఈసారి 1938లో వచ్చిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' వేద్దామన్నాను, ఇంట్లో అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. అంత పాత సినిమా ఈ కాలం పిల్లలు ఎక్కడ చూస్తారు, పది నిమిషాల్లో లేచి ఫోన్లు పట్టుకుంటారు అని.

నేను చూసిన సాహస సినిమాల్లో నాకు దాన్ని మించింది లేదు. ఎర్రోల్ ఫ్లిన్ రాబిన్, ఒలీవియా డి హావిలాండ్ మేరియన్, క్లాడ్ రెయిన్స్ ప్రిన్స్ జాన్, జాన్ పక్కనుండే విలన్ గిస్‌బోర్న్‌గా బాసిల్ రాత్‌బోన్. కథ అందరికీ తెలిసిందే. రిచర్డ్ రాజు క్రూసేడ్ యుద్ధం నుంచి తిరిగొస్తూ ఆస్ట్రియాలో బందీ అవుతాడు, ఇదే సందు అనుకుని తమ్ముడు జాన్ రాజ్యం మింగాలని చూస్తాడు, పన్నుల పేరుతో జనం తోలు ఒలుస్తారు, రాబిన్ అడవి పట్టి ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టే దొంగవుతాడు.

ఆ సినిమాలో నాకు పిచ్చి పట్టించిన సీన్ ఒకటుంది. కోటలో ప్రిన్స్ జాన్ విందు చేసుకుంటుంటాడు, బల్లల నిండా మాంసం, కింద కుక్కలు, అంతా నవ్వులాట. అప్పుడే తలుపులు తెరుచుకుంటాయి, రాబిన్ ఒక చచ్చిన జింకను మెడ మీద వేసుకుని వస్తాడు. అది రాజు అడవిలో జింక, ముట్టుకుంటేనే ప్రాణం పోతుంది. అడ్డమొచ్చిన కాపలావాళ్లను ఆ జింకతోనే అటు ఇటు నెట్టుకుంటూ హాలు మొత్తం నడిచొచ్చి జాన్ ముందు బల్ల మీద దబ్బున పడేస్తాడు. తర్వాత పారిపోతాడా అంటే అదీ లేదు, కుర్చీ లాక్కుని కూర్చుని వాళ్ల తిండే తింటూ, నీ మీద తిరుగుబాటు చేయబోతున్నా అని తీరిగ్గా చెప్తాడు. చుట్టూ వందమంది కత్తులతో ఉంటే ఈయన కోడికాలు కొరుకుతుంటాడు. ఆ పొగరు చూసి నేను ఫిదా.

అడిగేది రెండే. ఒకటి, ఇది పిల్లలకు ఎక్కుతుందా, వేరేది వేయాలా? రెండు, ఇదే కథ మీద ఇన్ని సినిమాలు వచ్చినా, ఇప్పటి గ్రాఫిక్స్, ఇప్పటి ఖర్చు పెట్టి తీసినా ఆ ఊపు ఎందుకు రాలేదు? సినిమా పిచ్చోళ్లు జర చెప్పండి.

———

నల్లగొండ_నైట్‌షో:

అన్నా, నీ సినిమా మంచిదే, కాదనను. కానీ మా బ్యాచ్‌కు రాబిన్ హుడ్ అంటే 1991ది, కెవిన్ కాస్ట్నర్ చేసిన 'ప్రిన్స్ ఆఫ్ థీవ్స్'. బాణం వెనకాలే కెమెరా పోయి చెట్టుకు గుచ్చుకునే షాట్ ఉంది చూడు, కేబుల్ టీవీలో ఆ ఒక్క షాట్ కోసం మొత్తం సినిమా కూర్చున్నవాళ్లం. బ్రయాన్ ఆడమ్స్ పాట సంగతి సరేసరి, ఇంగ్లండులో వరసగా 16 వారాలు నంబర్ వన్ అది.

ఆ సినిమాలో హీరో మాత్రం కాస్ట్నర్ కాదు. విలన్ షెరిఫ్‌గా (ఆ ఊరి మీద పెత్తనం చేసే అధికారి) చేసిన అలన్ రిక్‌మన్. కోపమొస్తే క్రిస్మస్ పండుగనే రద్దు చేస్తానంటాడు, ఎంత కిరాతకుడో అంత నవ్విస్తాడు. ఉత్తమ సహాయ నటుడిగా బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డు) కూడా వచ్చింది. కాస్ట్నర్ మాత్రం అమెరికా యాసలోనే మాట్లాడి, ముఖం గంటు పెట్టుకుని తిరుగుతుంటాడు.

ఇంకో తమాషా. రాబిన్, అజీమ్ (మోర్గన్ ఫ్రీమన్) ఇద్దరూ ఇంగ్లండు దక్షిణపు ఒడ్డున డోవర్ దగ్గర దిగుతారు, రాత్రికల్లా ఇంటికి పోదాం అంటారు. రాబిన్ ఊరు నాటింగ్‌హామేమో దేశం నడిమిట్ల ఉంటుంది. వీళ్లు పోయే దారిలో హాడ్రియన్ గోడ కనబడుతుంది, అదేమో స్కాట్లాండు పక్కన, పైన ఉత్తరాన. కల్వకుర్తి నుంచి నల్లగొండకు ఆదిలాబాద్ మీదుగా పోయినట్టు. ఆ సీన్‌లో ఒంటరి చెట్టు ఒకటి ఉంటుంది కదా, లోయలో రెండు గుట్టల మధ్యన, దాన్ని 2023 సెప్టెంబరులో ఎవరో రాత్రికి రాత్రి కోసేశారు, ఆ దేశమంతా గోల అయింది. సినిమా వల్లనే ఆ చెట్టుకు అంత పేరు.

పిల్లలకైతే ఇది వేయొద్దు. మొదలే జైల్లో చేతులు నరికే సీన్‌తో ఉంటుంది, మంత్రగత్తె ముసలామె భయపెడుతుంది.

———

దేవరకొండ_టీచర్:

సార్, నేను ప్రైమరీ పిల్లలకు చెప్తాను, సినిమాలు కూడా చూపిస్తుంటాను, కాబట్టి మొదటి ప్రశ్న వరకే నా జవాబు.

పాతదా కొత్తదా అన్నది పిల్లలకు పట్టదు. నలుపు తెలుపు అయితే కొంచెం గొణుగుతారు, మీది రంగుల సినిమానే కాబట్టి ఆ బాధ లేదు. ఆ రంగు కూడా ఇప్పటి సినిమాల్లాగా బూడిద రంగు, మసక నీలం కాదు, అడవి పచ్చగా ఉంటుంది, ఎరుపు అంటే ఎరుపే. పిల్లలు లేచేది మాటలు ఎక్కువైన చోట. ఇంగ్లీషులో అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకున్నారంటే వెనక వరస నుంచి గుసగుసలు మొదలవుతాయి. సబ్‌టైటిల్స్ చదివే వయసు కాదు వాళ్లది. కాబట్టి పక్కన ఒకరు కూర్చుని కథ చెప్తుండాలి, ప్రతి డైలాగూ కాదు, "వీడు దొంగ రాజు, వాడు వాడి తోక" అని ఒక్క ముక్క చాలు. మా ఆయన ఈ పని బాగా చేస్తారు, విలన్లకు మన ఊరి తిట్లు కూడా తగిలిస్తారు. పిల్లలు పడి పడి నవ్వుతారు.

మరీ చిన్నవాళ్లు ఎక్కువ ఉంటే 1973లో డిస్నీవాళ్లు తీసిన బొమ్మల సినిమా వేయండి. అందులో రాబిన్ నక్క, లిటిల్ జాన్ ఎలుగుబంటి, ప్రిన్స్ జాన్ జూలు లేని సింహం. అమ్మ గుర్తొస్తే బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. దాన్ని తక్కువ ఖర్చులో చేశారు, పాత సినిమాల డ్యాన్సు బొమ్మలనే మళ్లీ గీసి వాడుకున్నారు, కానీ అవన్నీ పెద్దవాళ్లు పెట్టే వంకలు. పన్ను కట్టలేక ఊరంతా జైల్లో పడి ఉండి, బయట వాన కురుస్తుంటే పిల్లలు ఒక్క మాట మాట్లాడరు. నేను చూశాను. మా స్కూల్లో ఒక పిల్ల "టీచర్, గుడి హుండీలో రూపాయి కూడా తీసుకుంటడా వాడు?" అని అడిగింది, నిజంగానే అందులో చర్చి పెట్టెలో చివరి నాణెం కూడా షెరిఫ్ ఎత్తుకుపోతాడు.

———

మిర్యాలగూడ_పాతపుస్తకాలు:

ఆ 1938 సినిమా నాకూ ఇష్టమే, కానీ అందులో చెప్పింది చరిత్ర అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకని కొంచెం.

రాబిన్ హుడ్ పాటల్లో మనకు దొరికిన పాతవి 1450 ప్రాంతానివి. వాటిలో మేరియన్ లేదు. సాక్సన్లు (పాత ఇంగ్లండువాళ్లు), నార్మన్ల (ఫ్రాన్స్ దిక్కు నుంచి వచ్చి గెలిచినవాళ్లు) గొడవ లేదు. రాజు పేరు రిచర్డ్ కాదు, ఎడ్వర్డ్. రాబిన్ దొరబిడ్డ అసలే కాదు, మామూలు రైతుకూ దొరకూ మధ్య మనిషి, ఇప్పటి లెక్కలో చెప్పాలంటే నాలుగెకరాలు ఉండి ఎవరికీ దండం పెట్టనోడు. రిచర్డ్ కాలంలోకి 1521లో ఒక స్కాట్లాండు చరిత్రకారుడు నెట్టాడు, సాక్సన్–నార్మన్ పగ 1819లో వాల్టర్ స్కాట్ నవలతో అంటుకుంది. మేరియనేమో మే నెల పండుగ ఆటల్లోంచి వచ్చి కథలో కలిసింది. ఉన్నవాళ్ల దగ్గర కొట్టి లేనివాళ్లకు పెట్టడం కూడా తొలి పాటల్లో ఇంత గట్టిగా లేదు, పేదలకు మేలు చేశాడు అని చివర ఒక మాట ఉంటుంది, అంతే.

అసలు తమాషా రిచర్డ్ రాజు దగ్గరుంది. ఆయన 1189 నుంచి 1199 దాకా రాజు, అందులో ఇంగ్లండులో ఉన్నది కలిపితే ఓ ఆరు నెలలు. 1192 చివర్లో ఆస్ట్రియా ప్రభువు పట్టుకున్నాడు, 1,50,000 మార్కుల వెండి ఇస్తే వదిలేస్తామన్నారు. ఆ డబ్బు కోసం ఇంగ్లండు జనం సంపాదనలో నాలుగో వంతు పన్నుగా గుంజారు, చర్చిల వెండి సామాను కూడా తీసుకుపోయారు. అంటే సినిమాలో రాబిన్ ఎవరి కోసం పోరాడతాడో ఆ రాజు విడుదల కోసమే నిజంగా జనం నడ్డి విరిగింది. సినిమాలో దాన్ని ఎంత తెలివిగా తిప్పారో చూడండి, జాన్ పన్ను వసూలు చేస్తాడు కానీ డబ్బు దాచుకుంటాడు, రాబిన్ ఆ డబ్బు కొల్లగొట్టి రాజును విడిపించడానికి పంపుతానంటాడు. మొత్తం పాపం తమ్ముడి నెత్తిన, పుణ్యం అన్న ఖాతాలో.

———

వనపర్తి_విఠల్:

ఇంత మాట్లాడుకుంటున్నారు, మన రాబిన్ హుడ్‌ను ఒక్కరూ తలవలేదు. 1963 'బందిపోటు'! విఠలాచార్య డైరెక్షన్, ఎన్టీఆర్, కృష్ణకుమారి. ముసుగేసుకుని గుర్రమెక్కి ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టడమే కథ, రాకుమారికి పొగరు, దొంగకు అంతకుమించి పొగరు. "వగలరాణివి నీవే" సినారె రాసింది, ఘంటసాల సంగీతం, ఘంటసాలే పాడింది. మా బాపు టూరింగ్ టాకీసులో నేల టికెట్ మీద చూశాడంట. ఇప్పటికీ ఆ పాట వస్తే చేతిలో ఏది ఉన్నా పక్కన పెడతాడు.

అదే కథను అదే ఏడు విఠలాచార్యనే కన్నడంలో రాజ్‌కుమార్‌తో 'వీర కేసరి' అని తీశాడు. "ఊహలు గుసగుసలాడే" ట్యూను అక్కడ "మెల్లుసిరే సవిగాన". మా వైపు నుంచి రాయచూరు దిక్కు పెళ్లి సంబంధాలు చేసుకున్న ఇళ్లలో ఒకరు ఈ పాట, ఇంకొకరు ఆ పాట అందుకుంటే మాది ముందంటే మాది ముందని కొట్లాట.

ఇంగ్లీషుది వేసిన మరుసటి రోజు ఇది వేయి తమ్మీ. పిల్లలకు కథ చెప్పే అవసరమే ఉండదు.

———

అచ్చంపేట_అడవిదారి:

నేను అడవి పక్కనోణ్ని కాబట్టి నాకు ముందుగా కనబడేది అడవే. 1938 సినిమాలో రాబిన్ ఉండే షేర్‌వుడ్ అడవి అని చూపించింది ఇంగ్లండు కాదు, కాలిఫోర్నియాలో చికో అనే ఊరి దగ్గరి బిడ్‌వెల్ పార్కు. ఏదైతేనేం, అడవిని ఇల్లులాగా చూపించారు. చెట్ల కొమ్మల మీద మనుషులు తీగలు పట్టుకుని కాచుకుని ఉంటారు, కింద నుంచి గిస్‌బోర్న్ డబ్బు మూటలతో పోతుంటాడు, ఒక్క సైగకు అందరూ పండ్లు రాలినట్టు రాలతారు. ఇప్పటి షేర్‌వుడ్‌ను నల్లమల పక్కన పెడితే చిన్న తోపు. మన్ననూరు దాటి ఫర్హాబాద్ దిక్కు పోతే తెలుస్తుంది, మనిషి దాక్కోవాలంటే ఎంత అడవి కావాలో.

జడ్చర్ల అన్న రెండో ప్రశ్నకు నా జవాబు, ఊపు ఎందుకు రాలేదంటే, తర్వాతి సినిమాలవాళ్లకు దొంగ నవ్వడం నామోషీ అయిపోయింది. 2010లో రసెల్ క్రోతో రిడ్లీ స్కాట్ తీసింది చూశాను. బురద, చెమట, యుద్ధం, సముద్రం ఒడ్డున గుర్రాలు, అంతా బాగానే ఉంది, సినిమా అయిపోయే టైముకు గానీ రాబిన్ అడవి పట్టడు. ఇంటర్వెల్ దాకా కాదు, చివరిదాకా ఆగాలి. 2018ది ఇంకా ఘోరం, బాణాలు తుపాకీ గుళ్లలాగా కొడుతుంటాడు.

ఇక మన పండుగ సాయన్న. పాలమూరు పోస్టులో ఆయన పేరు రాకపోతే ఎట్లా? మా చిన్నప్పుడు కథ చెప్పేవాళ్లు వస్తే, ఒకాయన తంబుర పట్టుకుని కథ నడిపితే పక్కన ఇద్దరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్లు. నిజాం కాలంలో, 19వ శతాబ్దం చివర్లో, దొరలు, పట్వారీలు, షావుకార్ల గాదెలు కొల్లగొట్టి పేదలకు పంచినోడు. పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినోడు. మా అవ్వ అయితే ఆయన తమ చుట్టమే అన్నట్టు చెప్పేది. చివరికి పట్టుకుని చంపుతారు. ఆ చోటికి వచ్చేసరికి తంబుర చప్పుడు మారిపోయేది, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

ఇంత కథ పెట్టుకుని మనం ఇంగ్లండు దొంగ కోసం కొట్లాడుకుంటున్నాం.

———

నల్లగొండ_నైట్‌షో:

అడవిదారి అన్న, సాయన్నను తెచ్చినవ్ కాబట్టి మాకు సర్వాయి పాపన్న ఉన్నాడని గుర్తు చేయాల్సిందే. తాళ్లెక్కే గౌడ్ ఇంట పుట్టి ఖిలాషాపూర్‌లో కోట కట్టాడు, 1708లో వరంగల్ మీద పడి దోచాడు, భువనగిరి మీదికీ పోయాడు. మొగల్ చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్ అతన్ని దొంగ అనే రాశాడు, జనం పాటల్లో మాత్రం సర్దార్. 1874లోనే ఒక ఇంగ్లీషాయన ఆ పాటను అచ్చు వేయించాడు. రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు దక్కన్ మీద రాసిన పుస్తకంలో అతని మీద ఒక అధ్యాయమే ఉంది. భువనగిరి గుట్ట ఎక్కినోళ్లకు తెలుసు, ఒకే బండ అది, పక్కలకు పట్టు దొరకదు. ఫ్లిన్ వచ్చి ఎక్కమను చూద్దాం.

సినిమా తీయాలంటే ఇంతకన్నా సెట్టింగ్ ఏం కావాలి?

———

జడ్చర్ల_జంక్షన్:

సెట్టింగ్ ఉంది అన్నా, చిక్కు చివర్లో ఉంది. మిర్యాలగూడ సార్ రాసింది చదివినప్పటి నుంచి నాకు అదే తిరుగుతోంది. రాబిన్ సినిమా అంత హాయిగా ఎందుకు ఉంటుందంటే, చివరికి మంచి రాజు వస్తాడని అందరికీ తెలుసు. ముసుగు తీస్తాడు, అందరూ మోకాళ్ల మీద పడతారు, దొంగతనం మాఫీ, పెళ్లి కూడా చేస్తాడు. రాజు వచ్చేదాకా ఆగడమే రాబిన్ పని, మధ్యలో ఎంత ఆడుకున్నా పర్లేదు. సాయన్న కథలో ఎవరొస్తారు? పాపన్నకు ఎవరున్నారు? ఢిల్లీలో మంచి పాదుషా లేడు, హైదరాబాదులో మంచి నిజాం లేడు. వాళ్లు దోచిన ప్రతి గాదె వెనక చావు ఉంది, వాళ్లకూ తెలుసు. ఆ కథను రాబిన్ లెక్కన నవ్వుతూ తీయాలంటే ధైర్యం కావాలి, ఏడుస్తూ తీస్తే మామూలు సినిమానే.

అయినా తీయొచ్చు అనే నా నమ్మకం. ఎందుకంటే 1938 దాంట్లో నాకు రెండోసారి చూసినప్పుడు పట్టుకున్న సీన్ వేరే ఉంది. అడవిలో పెద్ద విందు, దొంగలంతా తింటూ తాగుతూ పాటలు, షెరిఫ్‌కు, గిస్‌బోర్న్‌కు చింకి బట్టలు తొడిగి కూర్చోబెట్టి ఆట పట్టిస్తుంటారు. మేరియన్ ముక్కు చిట్లించుకుని కూర్చుంటుంది. రాబిన్ ఆమెను పక్కకు తీసుకుపోయి, ఆ సంబరానికి నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లను చూపిస్తాడు. ఇళ్లు కాల్చేస్తే వచ్చినవాళ్లు, కళ్లు పోయినవాళ్లు, ముసలోళ్లు, పసిపిల్లలు. ఒక ముసలామె అన్నం పెట్టినందుకు రాబిన్ చేయి పట్టుకుంటుంది. లెక్చర్ లేదు, రెండు నిమిషాలే, మళ్లీ విందులోకి వస్తారు. మేరియన్ ముఖం అప్పటి నుంచి వేరు. కొల్లగొట్టిన సొమ్ము ఎవరి కడుపులోకి పోయిందో చూపించాక ఆ నవ్వుకు బరువు వస్తుంది. కొత్తవాళ్లు కండలు చూపిస్తారు, బాణాలు చూపిస్తారు, తిన్నవాణ్ని చూపించరు.

సాయన్న సినిమా తీసేవాళ్లు ఎవరైనా ఉంటే గాదె పగిలే సీన్ కంటే, తెల్లారి ఆ జొన్నలు ఎవరి విసుర్రాయిలో పడ్డాయో అది తీయండి.

———

మిర్యాలగూడ_పాతపుస్తకాలు:

మీరన్నది నిజమే, ఒక్కటి చేర్చాలి. రాబిన్ పాట కూడా చావుతోనే ముగుస్తుంది, సినిమాలవాళ్లు అది కోసేశారు. పాత పాటలో ఒంట్లో బాగాలేక కర్క్‌లీస్ అనే మఠానికి పోతాడు, అప్పట్లో జబ్బు చేస్తే నరం కోసి రక్తం తీసేవాళ్లు, అక్కడి పెద్ద సన్యాసిని, సొంత చుట్టమే, నరం కోసి రక్తం ఆపకుండా వదిలేస్తుంది. రాజు క్షమించాక కూడా దర్బారులో ఉండలేక అడవికే తిరిగిపోయినవాడు, చివరికి అట్లా పోతాడు. ఈ ముగింపును 1976లో 'రాబిన్ అండ్ మేరియన్' వాడుకుంది, షాన్ కానరీ, ఆడ్రీ హెప్‌బర్న్. ముసలి రాబిన్, మోకాళ్ల నొప్పులతో కత్తి పట్టడం, మఠంలో చేరిన మేరియన్. అది మీ డాబా మీద వేయకండి, పెద్దవాళ్లు పడుకునేముందు చూసుకోండి.

అంటే మన కథలూ వాళ్ల కథా మొదట్లో దగ్గరదగ్గరగానే ఉన్నాయి. వాళ్లకు చివర మార్చి రాసుకునేందుకు నాలుగైదు వందల ఏళ్లు దొరికాయి. సాయన్న పోయి ఇంకా నూట యాభై ఏళ్లు కూడా కాలేదు.

———

దేవరకొండ_టీచర్:

సార్లూ, మీరు చావుల్లో పడ్డారు, అక్కడ పిల్లలు దుప్పటి ముందు కూర్చుని ఉన్నారు!

జంక్షన్ గారూ, మీ 1938 సినిమానే వేయండి. నేను నిన్న మా పిల్లలతో మళ్లీ చూశాను, చెప్పకుండా ఉండలేక రాస్తున్నా. మా చిన్నోడు బాణం మీద బాణం చీల్చే సీన్‌కు లేచి నిలబడ్డాడు. పోటీలో అవతలివాడు గురి నడుమ కొడితే, రాబిన్ ఆ బాణాన్నే చీల్చేస్తాడు కదా. "నిజంగా అయితదా?" అని అడిగాడు. మిత్‌బస్టర్స్ అనే ప్రోగ్రాంలో చేసి చూశారు, మామూలు కర్ర బాణం ఆ చివర నుంచి ఈ చివరకు చీలదు అని తేల్చారు. మిగతా బాణాలు మాత్రం చాలావరకు నిజమైనవే. హోవర్డ్ హిల్ అనే విలుకాడు వేశాడు, స్టంట్ వాళ్లు బట్టల లోపల ఇనుప పలక, దాని మీద మెత్తటి బల్సా చెక్క కట్టుకుని ఆ బాణాలు తిన్నారట. ఈ ముక్క ముందే చెప్తే పిల్లలు ప్రతి బాణానికీ ముందుకు వంగి చూస్తారు, చెక్క కనబడుతుందేమోనని.

సంగీతం వినబడేటట్టు పెట్టండి, స్పీకరు మంచిది దొరికితే తెప్పించండి. కోర్న్‌గోల్డ్ అనే ఆయన చేశాడు, ఆస్కార్ వచ్చింది. ఆస్ట్రియాలోని వియన్నాలో ఉండే యూదు. ఈ పని మీద 1938 మొదట్లో అమెరికా వచ్చాడు, అక్కడ ఉండగానే మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. ఈ సినిమా వల్లే బతికానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఊరేగింపు బాజాలు వింటుంటే మాత్రం ఆ టెన్షన్ ఎక్కడా తెలియదు.

———

జడ్చర్ల_జంక్షన్:

అయితే శనివారం ఖాయం టీచరమ్మా. కథ చెప్పే డ్యూటీ మా పెద్దనాన్నకు అప్పజెప్పాను, తిట్లు మీ సార్ దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం లేదు, ఆయన దగ్గర స్టాక్ బాగానే ఉంది. మరుసటి రోజు 'బందిపోటు', విఠల్ అన్న సంతోషం కోసం. ఆ తర్వాత ఏం వేయాలో ఎవరైనా చెప్తే బాగుంటుంది, కత్తియుద్ధాలు ఉన్నదే కావాలి. ఇదే టేస్టుది.

———

నల్లగొండ_నైట్‌షో:

1940 'ది మార్క్ ఆఫ్ జోరో' వేయి అన్నా. అది నలుపు తెలుపే కానీ పిల్లలు అప్పటికి అలవాటు పడి ఉంటారు. టైరోన్ పవర్ హీరో. రాబిన్‌లో సన్యాసి టక్‌గా చేసిన లావు మనిషి యూజీన్ పాలెట్ ఇందులోనూ సన్యాసే, గొంతు వినగానే గుర్తుపడతారు. విలన్ మళ్లీ రాత్‌బోనే. రాబిన్‌లో చివరి కత్తియుద్ధం చూశావు కదా, మెట్ల మీద కొట్టుకుంటూ స్తంభం వెనక్కి పోతే పెద్ద పెద్ద నీడలు మాత్రమే కనబడతాయి. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో కత్తి పట్టడం నిజంగా వచ్చినవాళ్లలో రాత్‌బోన్ ముందువరసలో ఉండేవాడు, ఫ్లిన్ కంటే చాలా మేలు. హీరోలు మాత్రం సినిమా చివర్లో ఆయన్ను పొడిచేస్తుంటారు. జోరోలో కూడా పొడిచేస్తారు.